మర చప్పుడు

గ్రైండర్ కొన్నానని నేను చెప్పగానే నా భార్య వంటగది గట్టు మీది డబ్బాలన్నీ పక్కకు జరిపి, గుడ్డ పెట్టి తుడిచి, దానికి చోటు సిద్ధం చేసింది.

నేను కొన్నది పిండి రుబ్బే యంత్రం కాదు. నడుమ మోటారు, దానికి చెరొక వైపున ఒక సానరాయి ఉండి, కత్తులకూ కత్తెరలకూ ఉలులకూ పదును పెట్టే యంత్రం. ఇంగ్లీషులో దానిని బెంచ్ గ్రైండర్ అంటారు. 'బెంచ్' అనే మాటను నేను స్పష్టంగానే ఉచ్చరించాను. ఆమె దానిని కూర్చునే బెంచీగా గ్రహించి, నాన్నగారు గ్రైండరుతోపాటు బెంచీ కూడా తెస్తున్నారని అమ్మాయికి ఫోనులో చెప్పింది. నేను మెట్లెక్కి పైకి చేరేలోగా బండి మనిషి దానిని మోసుకొచ్చి, ఆమె చూపించిన గట్టు మీదే దించి వెళ్ళిపోయాడు. తుప్పు పట్టి, జిడ్డు ఓడుతూ, ఒక రాయి అరిగి, మరొక రాయి పెచ్చులూడి ఉన్న ఆ వస్తువును ఆమె అటునుంచీ ఇటునుంచీ చూసింది.

"ఇందులో పిండి ఎక్కడ పొయ్యాలండీ?" అంది.

విషయం వివరించాను. ఆమె కోప్పడలేదు, నవ్వలేదు. అయితే బెంచీ కూడా లేదన్నమాట అని మాత్రం అని, డబ్బాలను మళ్ళీ యథాస్థానాలకు జరుపుకుంది.

ఆమె నవ్వకపోవడమే నన్ను కలవరపెట్టింది. పూర్వమైతే ఇటువంటి సంగతి దొరికితే దానిని పండుగలాగా చేసుకుని, వచ్చినవారందరికీ చెప్పి, నన్ను ఉడికించేది.

ఈ ఇంటికి మారినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. నా పదవీ విరమణ తరువాత, లారీలు తిరిగే పెద్దరోడ్డు మీది పాత ఇంటిని విడిచి, వీధి చివర ఉన్న ఈ మేడమీది వాటాను నేనే ఎంపిక చేశాను. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. నా ఎంపిక పట్ల నాకు గర్వంగానే ఉండేది. నిద్రను పాత ఇంట్లోనే మరిచిపోయి వచ్చానండీ అని ఆమె మొదట్లో హాస్యమాడేది. క్రమంగా ఆ హాస్యం తగ్గింది. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగి పొర్లిపోయేదాకా వాటినే చూస్తూ నిలబడేది. వీధి గేటు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వచ్చేది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, జబ్బేమీ లేదనీ, నెలాఖరుకు కూడా ఇలాగే ఉంటే నిద్రమాత్రలు మొదలుపెడదామనీ చెప్పింది.

ఆ మాట వినగానే నా భార్య ఒళ్ళో ఉన్న చేతిసంచీని గట్టిగా పట్టుకుంది. ఆమె అక్కగారు అటువంటి మాత్రలు వాడిన మనిషి. చివరి సంవత్సరాలలో ఆవిడ దుప్పటి లోపలి నుంచి మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. సొంత చెల్లెలిని, మీరెవరి తాలూకండీ అని మర్యాదగా అడిగేది. అది మాత్రల వల్లనో, ముసలితనం వల్లనో ఎవరూ తేల్చి చెప్పలేదు. నా భార్య మాత్రం ఎప్పుడో తేల్చుకుంది.

"నిద్ర లేకపోయినా బతకొచ్చు. మిమ్మల్ని పట్టుకుని మీరెవరండీ అని అడిగే రోజు మాత్రం నాకొద్దు" అంది, ఇంటికి వచ్చే దారిలో.

అటువంటి రోజులలో ఈ పాత యంత్రం దేనికి అన్నది న్యాయమైన ప్రశ్న. అమ్మాయి అడిగింది కూడా. ఇంట్లో కత్తులన్నీ మొద్దుబారాయని సమాధానం చెప్పాను. నిజానికి, నా చేతులకు పని లేకపోతే ఆమె ముఖం వాడిపోవడాన్ని రోజంతా చూస్తూ కూర్చోవలసి వస్తుంది. అది నా చేత కాదు. దుకాణం ఎత్తేస్తున్న ఒక సానపట్టేవాడి దగ్గర ఇది దొరికింది. చప్పుడు చేస్తుంది గానీ చచ్చేదాకా తిరుగుతుంది అని అతడు హామీ ఇచ్చాడు. ఎవరు చచ్చేదాకా అని నేను అడగలేదు.

మరునాటి మధ్యాహ్నం దానిని వెనక వరండాలోకి మార్చి, పాత బల్లకు బిగించి, తీగలు సరిచూసి, స్విచ్చి వేశాను. మొదట ఒక మూలుగు వచ్చింది. తరువాత గొంతు సవరించుకున్నట్టు గరగర. ఆ పైన అన్నీ కలిసి ఒకే లోతైన రొద అయి, వరండా నిండింది. కాళ్ళ కింద గచ్చు సన్నగా అదిరింది. తీగ మీద ఆరేసిన చీర అంచు వణికింది. ఎండచారలో తేలుతున్న ధూళి అంతా ఒక్క క్షణం ఎటు పోవాలో తోచనట్టు నిలిచి, మళ్ళీ నెమ్మదిగా తిరగసాగింది.

బేరింగులు పూర్తిగా అరిగిపోయాయని నాకు అర్థమైంది. స్విచ్చి ఆపేశాను. ఆపినా రాళ్ళు వెంటనే ఆగలేదు. ఆ రొద ఒక్కొక్క మెట్టూ దిగుతూ, దిగి వెళ్ళడం ఇష్టం లేని మనిషిలాగా ప్రతి మెట్టు మీదా కాస్సేపు ఆగుతూ, అడుగంటిపోయింది. అప్పుడు నాకు వెనక నుంచి మరొక చప్పుడు వినిపించింది. తలుపు చెక్కకు తల ఆనించి, ఒళ్ళో బీన్సు చాట పెట్టుకుని, చేతిలో సగం విరిచిన కాయతో, నా భార్య సన్నగా గురక పెడుతోంది.

నేను కదలలేదు. ఎండ గడప దాటి, ఆమె మడమల దాకా వచ్చి, మోకాళ్ళ మీదికి ఎక్కి, చాటలోని కాయలను ఒక్కొక్కదానినే పచ్చగా వెలిగించింది. ఆమె లేచేసరికి అది గోడ మీదికి వెళ్ళిపోయింది.

"పడుకున్నానా?" అని అడిగింది, ఎవరో చేసిన పని గురించి అడుగుతున్నట్టు. తరువాత, కలలో తెల్లగా ఏదో రాలుతూ ఉందనీ, ముఖం మీద పడుతున్నా తుడుచుకోబుద్ధి కాలేదనీ చెప్పింది.

మర్నాడు అదే వేళకు ఆమె చాట తీసుకుని వచ్చి గడప దగ్గర కూర్చుంది. "కాసేపు ఆ మర వెయ్యరూ" అంది.

"మర అంటే పిండి ఆడించేది. ఇది సాన యంత్రం" అన్నాను. నేను ఉద్యోగ జీవితమంతా తూనికలూ కొలతలూ సరిచూసే శాఖలో పనిచేశాను. తక్కువ తూకపు రాయి గానీ, పొట్టి గజం బద్ద గానీ నా చూపు దాటి పోలేదు. మాటల విషయంలోనూ అంతే.

"నట్టుకి లోపల ఉండేదాన్ని కూడా మరే అంటారుగా మీరు?"

"అది వేరే మర."

"మరమ్మతులో ఉండే మర?"

"అది మర కానే కాదు. అది మరో భాష నుంచి వచ్చిన మాట."

"ఇన్ని మరలు పెట్టుకుని, నాకొక్కటి వెయ్యడానికి ఇంత ఆలోచనేమిటండీ" అని కళ్ళు మూసుకుంది.

నేను వేశాను. ఆమె పడుకుంది. ఆ తరువాత ఎన్నో మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. యంత్రాన్ని ఒక పక్క తుడుస్తూ, మధ్యమధ్య పరీక్ష పేరిట తిప్పుతూ నేను. గడప దగ్గర ఆమె. ఆ గంటలలో మా ఇల్లు నీటి అడుగున ఉన్నట్టుండేది. ఆమె కళ్ళ కింది నలుపు తగ్గింది. బెంచీ కథను అమ్మాయికి మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నా గొంతును అనుకరిస్తూ చెప్పింది. అల్లుడు కూడా విని నవ్వాడట. డాక్టరమ్మ దగ్గరికి ఇక మాత్రల కోసం వెళ్ళనక్కరలేదని నేను నిశ్చయించుకున్నాను.

అయితే ఆ యంత్రాన్ని అలాగే ఉంచడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఇరుసు ఊగుతోంది, రాళ్ళ మీది తొడుగులు వదులుగా ఉన్నాయి. ఇంత వికారమైన రొదలోనే ఆమె పడుకోగలుగుతున్నదంటే, నిద్ర దానంతట అదే తిరిగి వచ్చిందనీ, యంత్రం సవ్యంగా తిరిగితే ఇంకా గాఢంగా పడుతుందనీ నేను తర్కించాను. తర్కంలో నాకేమీ లోపం కనిపించలేదు.

విప్పడానికి పూనుకున్నాను. కుడివైపు నట్టు సులువుగా వచ్చింది. ఎడమవైపుది ఒక పూటంతా నన్ను ఏడిపించింది. రాయి తిరిగే జోరుకు ఊడిపోకుండా ఆ పక్క నట్టు మరను తిరగేసి కోస్తారని నాకు తెలుసు. చేతికి మాత్రం తెలియదు, అది తన అలవాటు కొద్దీ ఇంకా బిగిస్తూనే పోయింది. మీరు విప్పుతున్నారా, దానితో పంతం పడుతున్నారా అని గడప దగ్గరి నుంచి ప్రశ్న వచ్చింది. చివరికి కళ్ళు మూసుకుని, నట్టు బిగిస్తున్నానని నన్ను నేనే నమ్మించుకుని తిప్పితే వచ్చేసింది.

ఆ తరువాతి పని కలలో జరిగినట్టు జరిగింది. తుప్పు కింద నుంచి ఇనుము కొద్దికొద్దిగా, వాన వెలిసిన ఆకాశంలాగా బయటపడింది. పాత బేరింగులను లాగి, పాత ఇనుప సామాన్ల బండికి వేసేశాను. బజారులోని బేరింగుల దుకాణం నుంచి కొత్తవి తెచ్చాను. కొత్త రాళ్ళను ఒక్కొక్కదానినీ వేలికి తగిలించి, చెక్కపిడితో తట్టి విన్నాను. బీటలేని రాయి ఖంగుమంటుంది. రెండూ ఖంగుమన్నాయి. మోటారు డొక్కకు నీలం రంగు వేశాను. రంగు ఆరేదాకా రోజూ పొద్దున్నే వెళ్ళి, అంటకుండా, వేలు దగ్గరగా పెట్టి చూసుకునేవాణ్ణి.

స్విచ్చి వేసిన రోజున చప్పుడు లేదు. ముఖానికి సన్నటి గాలి తగిలితే రాళ్ళు తిరుగుతున్నాయని తెలిసింది. డొక్క మీద ఒక నాణేన్ని అంచు మీద నిలబెట్టాను. అది నిలబడింది. ఉద్యోగంలో ఉండగా కూడా నాకు అంత తృప్తి కలిగిన రోజులు తక్కువ.

నా భార్య లోపలి నుంచి వచ్చింది. "కరెంటు పోయిందా అండీ?" అని అడిగింది.

నాణెం చూపించాను. ఆమె వంగి దానిని చూసి, మీ చేతికి పని అందంగా కుదిరింది అంది. గడప దగ్గర కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుంది. కాయలన్నీ విరవడం పూర్తయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

కొత్త చోటికి అలవాటు పడినట్టే కొత్త నిశ్శబ్దానికీ అలవాటు పడుతుందనుకున్నాను. పడలేదు. పాలు మళ్ళీ పొంగసాగాయి. రంగు బాగుందనీ, నీలం ఇంటికి నప్పిందనీ ఆమె ప్రతిరోజూ ఏదో ఒకటి మెచ్చుకునేది. తరువాత ఒక మధ్యాహ్నం గడపకు తల ఆనించి నిద్రపోయింది. నేను పరీక్షగా చూశాను. నిజంగా నిద్రపోయినప్పుడు ఆమె పెదవులు కాస్త విడివడతాయి, చిటికెనవేలు ఉండి ఉండి కదులుతుంది. అప్పుడు రెండూ లేవు. ఆమె మరీ క్రమశిక్షణగా పడుకుని ఉంది. నా కోసం కళ్ళు మూసుకుని, నేను వరండాలో ఉన్నంతసేపూ అలాగే ఉండాలని నిశ్చయించుకుంది.

యంత్రం ఆపి, వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఇంక చాలు, కళ్ళు తెరువు" అన్నాను.

తెరిచింది. పట్టుబడ్డ పిల్లలాగా నవ్వింది కూడా.

అప్పుడు చెప్పింది. ఆమె తల్లికి పిండి మర ఉండేదని మా పెళ్ళినాటి నుంచీ నాకు తెలుసు. ఎవరికైనా పొలం ఉందనో, కొట్టు ఉందనో తెలిసినట్టు తెలుసు. ఆ మర పక్కన ఒక పిల్ల పెరిగిందన్నది నేను ఎన్నడూ ఊహించి చూడలేదు. బడి నుంచి వచ్చి బస్తాల మీద పడుకునేదట. పైన దూలాల నుంచి పిండి రాలి, రెప్పల మీద పడుతుండేదట. మర ఆగితే మెలకువ వచ్చేది. మళ్ళీ వేస్తే మళ్ళీ నిద్ర.

"ఆ చప్పుడు ఉన్నంతసేపూ, ఎవరో పని చూసుకుంటున్నారు, నేను లేవక్కర్లేదు అనిపించేదండీ" అంది. పాత ఇంట్లో లారీల మాటేమిటని అడిగాను. అవీ అంతేనట, ఎవరో మేలుకుని, ఎటో వెళుతున్నారు కదా. "ఇక్కడేమో అందరూ పడుకుంటారు. నన్ను కాపలా పెట్టి పడుకున్నట్టుంటుంది."

"మరి నేను తెచ్చిన ఈ యంత్రం?"

"చెడిపోయి ఉన్నప్పుడు అచ్చం మా అమ్మ మరే. మీరు బాగు చేసేశారు."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంత ముచ్చటగా రంగు వేసుకుంటున్నారు. ఎలా చెప్పనూ?"

డాక్టరమ్మ చెప్పిన నెలాఖరు దగ్గర పడింది. అమ్మాయి ఫోను చేసి, వెళ్ళే రోజు తానూ వస్తానంది. నేను బల్ల బోల్టులు వదులు చేసి చూశాను. యంత్రం గడగడలాడింది గానీ, అది మర రొద కాదని ఆమె మొహమాటపడుతూ చెప్పింది. పాత బేరింగులు ఏ కొలిమిలో కరిగిపోయాయో తెలియదు. చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమెను వెంటబెట్టుకుని, బేరింగుల దుకాణానికి బయలుదేరాను. ఏ చప్పుడు కావాలో ఆమెకే తెలుసు. నాకు తెలిసింది ఏ చప్పుడు ఉండకూడదో మాత్రమే.

బేరింగులాయన నన్ను గుర్తుపట్టాడు. దుకాణం ముందు భాగంలో డబ్బాల వరసలు. వెనక, పైకప్పులో గాజు పలక వేసిన చోట, ఇరుసులు తరిగే పెద్ద లేతు మిషను. అరిగిపోయిన బేరింగులు ఒక జత కావాలని అడిగాను. అతని ముఖం మారిపోయింది.

"మొన్న ఇచ్చినవి కొత్తవే సార్. ఒట్టు" అన్నాడు.

"కొత్తవే. అందుకే వచ్చాను."

అతడు నన్ను వదిలి నా భార్య వైపు తిరిగి, సారుకు ఒంట్లో కులాసాగా ఉందా అమ్మగారూ అని గొంతు తగ్గించి అడిగాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, పాతవి ఉంటే ఇలా ఇవ్వు నాయనా అంది ఆమె. అతడు బల్ల కింది నుంచి, విప్పి పారేసిన బేరింగులున్న డబ్బా ఒకటి లాగి, మాకు రెండు స్టూళ్ళు వేసి, తన లేతు దగ్గరికి వెళ్ళిపోయాడు. పిచ్చివాళ్ళతో వాదించడం కంటే పని చేసుకోవడం మేలని అతని వీపు చెబుతోంది.

నా భార్య డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కొక్క బేరింగునూ వేలికి తొడిగి, చెవి దగ్గర తిప్పి వినసాగింది. తూకపు రాళ్ళను పరీక్షించేటప్పుడు నేను కూడా అంత నిదానంగా కూర్చోలేదేమో.

"ఇది ఈగ" అని ఒకటి పక్కన పెట్టింది. "ఇది దగ్గుతోంది." మరొకటి తిప్పి, తల వెనక్కి తీసుకుంది. "ఇది మీ అక్కయ్యగారు."

నేను కూడా విన్నాను. ఆ పోలికలో అన్యాయమేమీ లేదు.

వెనక లేతు రొద అందుకుంది. ఇరుసు మీది నుంచి ఇనుప తరుగు సన్నగా లేచి, ఉంగరాలుగా చుట్టుకుంటూ నేల మీదికి జారసాగింది. గాజు పలక గుండా దిగుతున్న వెలుగులో నూనె ఆవిరి పలచగా ఆడుతోంది. ఆ రొద నేలలో నుంచి స్టూళ్ళలోకి, స్టూళ్ళలో నుంచి మా ఎముకలలోకి ఎక్కింది. నా భార్య మరొక బేరింగును చెవి దగ్గరికి ఎత్తి, తిప్పడం మరిచిపోయింది. చేయి నెమ్మదిగా ఒళ్ళోకి దిగింది. తల నా భుజం మీదికి ఒరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, నలుగురు తిరిగే చోట ఆమె అలా నా మీద ఒరగడం అదే మొదటిసారి. సరిగా కూర్చోమని చెప్పలేదు. పెదవులు కాస్త విడివడ్డాయి. చిటికెనవేలు కదిలింది.

ఎంతసేపు అలా కూర్చున్నామో చెప్పలేను. ఆ రొద లోపల నాకు కూడా ఏదో తెల్లగా రాలుతున్నట్టు తోచింది.

బేరింగులాయన ఇరుసు విప్పి, తుడిచి, స్విచ్చి మీదికి చేయి చాపాడు. ఆపవద్దని నేను చేయి ఊపాను. అతడు మమ్మల్ని చూసి, ఉన్నచోటి నుంచే సైగలతో, పని అయిపోయిందనీ, మిషనును ఊరికే తిప్పకూడదనీ తెలియజేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఊరికే తిరిగే యంత్రం నాకూ నచ్చదు.

అటువైపు గోడకు అతని సొంత సాన యంత్రం ఉంది. జిడ్డుతో నల్లబడి, తొడుగు వంకర పోయి, పక్కన మొద్దుబారిన ఉలులు కుప్పగా పడి ఉన్నాయి. నేను నా భార్య తలను నెమ్మదిగా ఎత్తి, పక్కనున్న గోనె మూటకు ఆనించాను. లేచి, చొక్కా చేతులు మడిచి, వెళ్ళి దాని స్విచ్చి వేశాను. అప్పుడే అతడు లేతు ఆపాడు. ఒక రొద అడుగంటుతుండగా మరొకటి దానిని అందుకుంది. తిరిగి చూశాను. ఆమె మేలుకోలేదు.

మొదటి ఉలి తీసి రాయికి తాకించాను. నిప్పురవ్వలు గుత్తులుగా లేచి, నా ఇస్త్రీ చొక్కా మీద ఆరిపోతున్నాయి. బేరింగులాయన కాసేపు నోరు తెరుచుకుని చూసి, తరువాత లోపలికి వెళ్ళి, మరికొన్ని ఉలులు తెచ్చి నా పక్కన పెట్టాడు.

ఉలులు ఇంకా సగం కూడా కాలేదు. ఒకావిడ వీధిలో నుంచి కత్తెర పట్టుకుని వచ్చి, నా వెనక నిలబడింది.

"కొత్తగా చేరావా తాతా?" అని అడిగింది.

జీవితంలో నన్ను ఏకవచనంలో పలకరించినవారిని నేను ఊరకే వదిలిపెట్టింది లేదు. అవునమ్మా, ఈ పూటే చేరాను అన్నాను. కాస్త మెల్లగా మాట్లాడమని సైగ చేసి, కత్తెర అందుకున్నాను.